పెట్టె మీద రెండు అరచేతులు

సినిమా హాల్లో తెర వెనక్కి మీరు ఎప్పుడైనా వెళ్ళారా? వెళ్ళుంటే చెప్పండి, అక్కడ ఏం చూశారు? తప్పించుకోకండి. తెర ముందు కూర్చుని చూసిన బొమ్మల గురించి అందరూ గంటలకొద్దీ చెబుతారు. నేను అడిగేది ఆ తెల్లగుడ్డకి అవతలి సంగతి.

చెప్పలేరు. వెళ్ళి ఉండరు. వెళ్ళినవాళ్ళు ఎవరంటే హాలు ఊడ్చేవాళ్ళు, గేటు దగ్గర టిక్కెట్టు చింపేవాళ్ళు, సోడాలు అమ్మేవాళ్ళు, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు. టిక్కెట్టు కొనలేని సిబ్బంది కుటుంబాలకి మేనేజరు చూసీ చూడనట్టు వదిలేసిన చోటది. గోనెపట్టా పరుచుకుని కూర్చునేవాళ్ళు. మాట బయటికి రావడానికి తెర నిండా సన్నటి చిల్లులుంటాయి. వాటిలోంచి వెలుతురు ఇటు పడేది. బొమ్మ కనిపించేది, కానీ తిరగబడి. హీరో ఎడం చేత్తో అన్నం తినేవాడు. పేర్లు వెనక నుంచి చదువుకోవాల్సి వచ్చేది. అయినా ఏడవాల్సిన చోట వాళ్ళూ ఏడ్చేవాళ్ళు, డబ్బిచ్చి కూర్చున్నవాళ్ళకంటే ఎక్కువే ఏడ్చేవాళ్ళు.

ఇవాళ ఆ హాళ్ళని పడగొట్టి, ఆ తెర వెనక స్పీకర్లని కొనుక్కొచ్చి, సోఫా ఎదురుగా పెట్టుకుని, పాతకాలం గొంతు అని మురిసిపోతున్నారు. మురవండి, తప్పేం లేదు. కానీ ఆ పెట్టెకి ఎవరి వీపు ఆనిందో, ఎవరి చెయ్యి ఆనిందో మీకు తెలీదు. తెనాలి మల్లికార్జునరావుకి తెలుసు. తెలిసే చేశాడు.

అతనికి అరవై నాలుగేళ్ళు. రైలు పట్టాలకి అవతల సొంత ఇల్లు, ఇంటి పక్కన రేకుల షెడ్డు. ముప్పై ఏళ్ళు సినిమా హాళ్ళకి సౌండు మెకానిక్కుగా బతికాడు. తెనాలి, రేపల్లె, బాపట్ల, పొన్నూరు, చుట్టుపక్కల ఏ హాల్లో గొంతు బొంగురుపోయినా సైకిలుకి పనిముట్ల సంచి తగిలించుకుని వెళ్ళేవాడు. హాళ్ళు ఒకటొకటిగా కల్యాణ మండపాలయ్యాయి, ఎరువుల గోడౌన్లయ్యాయి. పని పోయింది. కొన్నాళ్ళు మిక్సీలు బాగుచేశాడు, మోటార్లు చుట్టాడు. నాలుగేళ్ళ నుంచి ఈ కొత్త గిరాకీ మొదలైంది. హాలు స్పీకర్ల జత తెచ్చి, ఇంట్లో వినేట్టు చెయ్యమంటారు. చినిగిన కోను కాగితాన్ని పల్చటి కాగితంతో అతికించడం, తుప్పు గీకడం, కాలిపోయిన తీగె తీసి కొత్తది చుట్టడం, పెట్టెకి చిత్రిక పట్టి పాలిష్ పెట్టడం. ఈ జిల్లాలో ఆ పని తెలిసినవాడు అతనొక్కడే మిగిలాడు.

మిగిలింది మనిషి ఒక్కడే కాదు, చెవి కూడా ఒక్కటే. పద్దెనిమిదేళ్ళ కిందట బాపట్లలో, స్పీకరు పైన గరాటులా ఉండే హారన్ నోట్లో తల పెట్టి తీగె వెతుకుతుంటే పైన ఆపరేటరు చూసుకోకుండా సౌండు మొత్తం పెంచేశాడు. ఆ దెబ్బకి ఎడమ చెవి రాయైపోయింది. కుడి చెవితోనే గొంతు బాగుందో బాలేదో తేల్చాలి, దానితోనే ఇల్లు గడవాలి. దానితోనే నాగరత్నాన్ని వినాలి. నాగరత్నం అతని భార్య. పొద్దున లేచింది మొదలు నోరు మూత పడదు. కూరగాయలవాడితో, పిల్లితో, కుక్కరుతో కూడా మాట్లాడుతుంది. నలభై ఏళ్ళుగా విసుక్కుంటూనే ఉన్నాడు గానీ, ఆవిడ పుట్టింటికి వెళితే అతనికి రెండో రోజుకి అన్నం సయించదు.

ఒక చైత్రమాసం పొద్దున భరద్వాజ అనే ఆయన ట్రాలీ మీద రెండు స్పీకర్లు వేసుకొచ్చాడు. బాపట్లలో కాలేజీ మాష్టారు, నలభై ఏళ్ళుంటాయి. పాటలంటే పిచ్చి. ఒక్కో పెట్టె నడుమెత్తు ఉంది, పైన ఇనప హారన్. ఇవి గనక పలికితే మా వీధంతా వినాలి బాబాయ్ గారూ, అన్నాడు. వీధికి వినిపిస్తే స్టేషన్లో కూర్చోబెడతారు సార్, మీ గదికి సరిపడా పలికిస్తాను, అని నవ్వాడు మల్లికార్జునరావు. ఎక్కడివి అని అడిగాడు.

"రేపల్లెవండి. పోయిన నెల హాలు పడగొట్టారు కదా."

మల్లికార్జునరావు నవ్వు ఆగిపోయింది. చేతిలో పని చాలా ఉందని, నడుము నొప్పని, ఇంకెవరికైనా చూపించుకోమని ఏవేవో చెప్పాడు. నాగరత్నం గుమ్మంలోంచి వింటూనే ఉంది. రెండు నెలలుగా షెడ్డులో ఈగలు తోలుకుంటున్న మనిషికి ఇంత పని ఎప్పుడొచ్చిందో అని ఆవిడకి ఆశ్చర్యం.

"రేపల్లెవైతే ఏంటండీ, రేపల్లె స్పీకర్లు కరుస్తాయా?" అంది.

భరద్వాజ నవ్వాడు. మల్లికార్జునరావు నవ్వలేదు. ట్రాలీ ఎక్కి రెండో పెట్టె పక్కచెక్క వైపు తల వంచి చూశాడు. ఉన్నాయి. టేకు చెక్క మీద రెండు గుంటలు. చంటిబిడ్డ వీపు నిమిరినట్టు, ఏళ్ళ తరబడి ఎవరో అక్కడే అక్కడే చేతులు ఆన్చి ఆన్చి అరగదీసిన రెండు అరచేతుల గుంటలు. కుడి గుంట అంచున, తీగెలు బిగించే చోటు పక్కనే, బొటనవేలి గోరంత నల్లటి మచ్చ.

ఈ పెట్టె ఇంకో మెకానిక్కు చేతిలో పడకూడదు. అది ఒక్కటే అతనికి తోచింది. సరే, దింపించండి, అన్నాడు.

భరద్వాజ ఆ గుంటలు చూసి ముచ్చటపడ్డాడు. ఇవేంటి బాబాయ్ గారూ అంటే, చెమ్మ పట్టిందన్నాడు. చెమ్మకి ఇంత నున్నగా అరుగుతుందా అని ఆయన వేలితో రాసి చూశాడు. పాతదనం కదా, అలాగే ఉంచేద్దామన్నాడు. గుంటలుంటే చెక్క అదురుతుంది, గొంతు చెడుతుంది అని మల్లికార్జునరావు బదులిచ్చాడు. అది పచ్చి అబద్ధం. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు చెబితే చదువుకున్నవాడు నమ్మాడు.

నాలుగు రోజులు చిత్రిక పట్టాడు. ఎండ రేకుల మీద మండుతోంది. చెక్క చుట్టలు చుట్టలుగా లేచి కాళ్ళ దగ్గర పడుతోంది. ఒక్కో పొర లేచినప్పుడల్లా లోపలి నుంచి వాసన. తడిసిన గోనె, గబ్బిలాల పెంట, వాటి కింద ఎక్కడో తలకి రాసుకునే కొబ్బరినూనె. రెండు గుంటలూ పోయాయి. నల్లమచ్చ మాత్రం పోలేదు. ఎంత గీసినా కిందకే దిగుతోంది. ఉలి పెట్టి తవ్వాడు. అరంగుళం లోతున గానీ తెల్ల చెక్క రాలేదు. ఆ గాతంలో జిగురూ రంపపు పొట్టూ కలిపి కూరి, గరుకు కాగితంతో రుద్ది, మూడు పూతలు పాలిష్ పెట్టాడు. అద్దమైంది. అందులో అతని ముఖం అతనికే కనిపించింది.

ఇక పలికించి చూడాలి. ఈ పాతరకం స్పీకర్ల సంగతి కొంచెం చెప్పాలి. వీటిలో మామూలు అయస్కాంతం ఉండదు. రాగితీగె చుట్ట ఉంటుంది. దానికి కరెంటు ఇస్తేనే అది అయస్కాంతమై కోను కాగితాన్ని ఆడిస్తుంది. మామూలు కరెంటు కూడా కాదు, హాల్లో దానికి వేరే పెట్టె ఉండేది, ముట్టుకుంటే మనిషి మిగలడు. కరెంటు లేనప్పుడు ఆ స్పీకరు ఉత్త కాగితం, ఉత్త ఇనుము.

మధ్యాహ్నం రెండున్నర. రోడ్డు మోత వినబడకుండా షెడ్డు తలుపులు మూశాడు. లోపల చీకటి. రేకు చిల్లుల్లోంచి సూదుల్లా వెలుతురు. తీగెలు కలిపి మీట వెయ్యబోతుంటే కరెంటు పోయింది. పక్కింటి కూలరు కూడా ఆగింది. వస్తుందిలే అని స్టూలు మీద కూర్చుని, కోను మీద పడిన పొట్టు ఊదడానికి ముందుకి వంగాడు.

కోను ముందుకి వచ్చింది.

వేలెడంత. మెల్లిగా. ఆగింది... మళ్ళీ వెనక్కి వెళ్ళింది. పొట్టు కదిలింది. మళ్ళీ ముందుకి... వెనక్కి. నిద్రపోయేవాళ్ళ రొమ్ములా.

గాలి అనుకున్నాడు. మూసిన షెడ్డులో గాలెక్కడిది?

అప్పుడు ఎడమ చెవి పలికింది. పద్దెనిమిదేళ్ళుగా రాయిలా పడి ఉన్న చెవి. దూరంగా ఏదో ఝుమ్మంది. మ్యాటినీ మొదలుకాకముందు హాలు నిండుతుంటే వచ్చే రొద అది. కుర్చీలు టపటపమని మడుచుకోవడం, సోడా కాయ కీచుమనడం, ఎవరో పిల్లాడు ఏడవడం. భయం ముందు కలగలేదు మల్లికార్జునరావుకి. ఏడుపొచ్చింది. చెవి వచ్చిందనుకున్నాడు. తలుపు తోసుకుని వరండాలోకి పరిగెత్తాడు, నాగరత్నానికి చెప్పాలని.

నాగరత్నం అతని ఎదురుగానే నిలబడి ఉంది. పెదాలు కదులుతున్నాయి. గొంతు మాత్రం నూతిలోంచి వస్తున్నట్టుంది.

"ఎన్నిసార్లు పిలవాలండీ మిమ్మల్ని? మజ్జిగ కలిపి అరగంటైంది."

అలా మొదలైంది. ఎడమ చెవికి రోజూ కొంచెం కొంచెం వస్తోంది, కుడి చెవికి రోజూ కొంచెం కొంచెం పోతోంది. ఎడమ చెవికి వచ్చేవి ఈ ఇంటి చప్పుళ్ళు కావు. రైలు వెళితే దానికి వినబడదు. కుక్కరు కూస్తే వినబడదు. హాలు రొద ఒక్కటే. ఆ రొద కింద, చాలా దగ్గరగా, ఎవరిదో ఊపిరి. నిద్రలో కూడా అది ఆగేది కాదు. మంచం మీద ఒత్తిగిలితే తనూ ఒత్తిగిలేది. లేచి పెరట్లో తిరిగితే వెనకే తిరిగేది. గుంటూరు వెళ్ళి చెవుల డాక్టరుకి చూపించుకున్నాడు. వయసన్నాడు, చుక్కల మందు రాశాడు. కుడి చెవి సగమైపోయింది. ఆ సగమూ పోతే తనేమవుతాడో అతనికి తెలుసు. మిక్సీల గిన్నె తిరుగుతుందో లేదో కూడా చేత్తో పట్టుకుని చూసుకోవాలి. నాగరత్నం ఎదురుగా కూర్చుని ఊరికే నోరు కదిలిస్తుంటే చూస్తూ బతకాలి.

ఆ స్పీకర్లు ఇంట్లోంచి వెళ్ళిపోతే అన్నీ సర్దుకుంటాయనుకున్నాడు. ఇంకో రెండు రోజుల పని మిగిలుండగానే ట్రాలీ మాట్లాడి బాపట్ల తీసుకెళ్ళిపోయాడు.

పొన్నూరు దగ్గర ట్రాలీ టైరు పోయింది. చేరేసరికి రెండు దాటింది. భరద్వాజ ముందుగదిలో గోడకి దగ్గరగా పెట్టించాడు రెండు పెట్టెల్నీ. ఎండ రాకుండా తెరలు దించేశాడు. తను కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుని, పెట్టండి బాబాయ్ గారూ, అని కళ్ళు మూసుకున్నాడు. మల్లికార్జునరావు తీగెలు కలపడానికి రెండో పెట్టె వెనక్కి దూరాడు. గోడకీ పెట్టెకీ మధ్య మూరెడు సందు. పక్కకి తిరిగి, పెట్టె వైపు ముఖం పెట్టి, వీపు గోడకి ఆన్చి గొంతుక్కూర్చున్నాడు. గోడ చల్లగా తగులుతోంది వీపుకి. ఇది గుర్తుపెట్టుకోండి, వీపు గోడకి ఆని ఉంది. వెనక మనిషి కాదు, కాగితం పట్టే చోటు కూడా లేదు.

గోడ గడియారం రెండున్నర కొట్టింది. కుడి చెవికి అది లీలగా వినబడింది.

ముందు వాసన. కొబ్బరినూనె. తడి గోనె.

తర్వాత... వెనక నుంచి రెండు అరచేతులు వచ్చి అతని చెవులు మూశాయి.

చల్లగా ఉన్నాయి. చెమ్మగా ఉన్నాయి. గట్టిగా నొక్కలేదు. పెట్టె మీద ఆన్చినట్టు, మెల్లిగా, సర్దుకుని... ఆన్చాయి. కుడి చెవి మీది అరచేతిలో ఏదో గరుగ్గా గుచ్చుకుంది. పెచ్చు కట్టిన చర్మం. బొటనవేలి గోరంత.

అరవబోయాడు. గొంతు వచ్చిందో లేదో అతనికే తెలీలేదు. హాలు రొద ఆగిపోయింది. ఊపిరి ఆగిపోయింది. ఏ చప్పుడూ లేదు. దెబ్బలు మాత్రం ఉన్నాయి. దవడలో, పక్కటెముకల్లో, మోకాలి చిప్పల్లో... దబ్... దబ్... దబ్. మాట కాదు, పాట కాదు. ఎముకలకి తగిలే అదురు. పుట్టిన దగ్గర్నుంచీ ఒక్క చప్పుడూ ఎరగని మనిషి సినిమాని ఎలా వింటుందో, అలా.

ఎంతసేపో తెలీదు. భరద్వాజ పెట్టె జరిపి, భుజాలు పట్టుకుని బయటికి లాగాడు. వడదెబ్బ తగిలిందనుకుని మొహాన నీళ్ళు కొట్టాడు. మల్లికార్జునరావు చెవులు తుడుచుకున్నాడు. వేళ్ళకి నూనె అంటింది.

ఇక దాచి లాభం లేదు, ఆ సంగతి చెప్పాలి. ముప్పై ఒక్క ఏళ్ళ కిందటిది. రేపల్లె హాల్లో గేటుమనిషి ముత్తయ్య. అతనికి ఒక అక్క. పుట్టు చెవుడు, మాటా రాదు. పెళ్ళి కాలేదు, తమ్ముడి దగ్గరే ఉండేది. రోజూ మ్యాటినీకి తెర వెనక ఆ పెట్టె పక్కన కూర్చుని, రెండు అరచేతులూ చెక్క మీద ఆన్చేది. ఆ అదురులో ఏం వినేదో గానీ, హాలు నవ్వినప్పుడు నవ్వేది, ఏడ్చినప్పుడు ఏడ్చేది. అందరూ వింతగా చెప్పుకునేవాళ్ళు. ఒక వారం ఆ పెట్టెకి పెద్ద కరెంటు వచ్చే తీగె తెగితే మల్లికార్జునరావు వచ్చి అతికాడు. టేపు అయిపోయింది. కొసలు మెలితిప్పి అలాగే వదిలేశాడు, వచ్చే వారం చుడదాంలే అని. మెకానిక్కులందరూ చేసే పనే. నూటికి తొంభై తొమ్మిదిసార్లు ఏమీ కాదు.

ఆ మరుసటి వారం మ్యాటినీ నడుస్తుండగా ఆ స్పీకరు ఆగిపోయింది. హాల్లో ఈలలు. టేపు చుట్టడానికి అప్పుడే వచ్చిన మెకానిక్కుని మేనేజరు తెర వెనక్కి తోశాడు. తిరగబడిన బొమ్మ వెలుతురులో అతను చూశాడు. ఆ పూట ఇంకెవరూ రాలేదు, ఆమె ఒక్కతే కూర్చునే ఉంది. ఎడమ చెయ్యి గుంటలో ఉంది. కుడి చెయ్యి తీగె మీద ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, వాటిలో బొమ్మ ఆడుతోంది. మీట ఆపించి ఆ చెయ్యి తీశాడు. చల్లగా, బరువుగా ఉంది. పిలవలేదు. కుదపలేదు. ఈసారి సంచిలో టేపు ఉంది. కొసలకి శుభ్రంగా చుట్టాడు. చెయ్యి తీసుకెళ్ళి మళ్ళీ గుంటలో పెట్టాడు. బయటికి వచ్చి, అయింది, వెయ్యండి, అన్నాడు. స్పీకరు పలికింది. హాలు చప్పట్లు కొట్టింది. మ్యాటినీ అంతా, ఫస్ట్ షో అంతా ఆమె అలాగే కూర్చుంది. ఫస్ట్ షో వదిలాక ముత్తయ్య అన్నం తీసుకుని వెనక్కి వెళ్ళాడు. గుండె ఆగిందన్నారు. పేదవాళ్ళ ఇంటి మూగమనిషి కోసం పోలీసుల్ని పిలిచేదెవరు?

మర్నాడు పొద్దున రేపల్లె పాసింజరు ఎక్కాడు మల్లికార్జునరావు. చెప్పేస్తే చెవి దక్కుతుందని అతని ఆశ. దారంతా కిటికీ ఊచ పట్టుకుని లేచి కూర్చుంటూ, కూర్చుని లేస్తూ ఉన్నాడు. ఎదుటి ముసలమ్మ, మూత్రానికైతే వెళ్ళిరా నాయనా, అంది. అది అతనికి వినబడలేదు, చెయ్యి ఊపిందని తెలిసింది. వేమూరులో అనుకున్న మాట భట్టిప్రోలులో మార్చుకున్నాడు. ఆ తీగె నాదే బాబాయ్, తప్పు నాదే. ఈ ఆరు మాటలే. ఆరు మాటలు చెప్పడానికి ఎంతసేపు?

ముత్తయ్యకి డెబ్బై ఎనిమిదేళ్ళు. చూపు సగం పోయింది. అరుగు మీద కూర్చుని చింతకాయలు ఒలుస్తున్నాడు. అయినా గుర్తుపట్టి, ఏవయ్యా మెకానిక్కూ, ఇన్నాళ్ళకి దారి తెలిసిందా, అని దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. కోడలి చేత మజ్జిగ ఇప్పించాడు. హాలు పడగొట్టిన రోజు వెళ్ళి చూశానన్నాడు. పెట్టెలు ఎవరో మాష్టారు కొన్నాడట, అక్క చేతులు ఆన్చిన చెక్క ఒక్క ముక్క అడుగుదామనుకుని సిగ్గుపడి ఊరుకున్నానన్నాడు. మల్లికార్జునరావు కుడి చెవి ముందుకి పెట్టి ఒక్కో మాటా ఏరుకుంటున్నాడు.

ముత్తయ్య చింతకాయ పక్కన పెట్టాడు. గొంతు తగ్గించాడు.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు అబ్బాయ్. ఆ రోజు వెనక్కి వెళ్ళింది నువ్వొక్కడివే. మా అక్క అప్పటికి బతికే ఉందా?"

మల్లికార్జునరావు మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు.

"ఆ పూట నేను అన్నం ఆలస్యం చేశాను. పొద్దున్నే పోట్లాడాను దానితో, పస్తు ఉండమని సైగ చేశాను. ఆకలికి పోయిందేమోనని... ముప్పై ఏళ్ళుగా రెండో ముద్ద గొంతు దిగదు నాకు."

అదీ అడిగింది. అంతకంటే తేలిక చేసి ఎవరడుగుతారు? ఆరు మాటలు చెబితే ఆ ముసలివాడు రాత్రికి కడుపు నిండా తినేవాడు. మల్లికార్జునరావు నోరు తెరిచాడు. కోడలు గుమ్మంలో నిలబడి ఉంది. వీధిలో ఎవరో వెళుతున్నారు. ఇన్నేళ్ళు పరువుగా బతికిన తన పేరు కళ్ళముందు మెదిలింది. నాగరత్నం మెదిలింది.

"నిద్రపోతోందనుకున్నాను బాబాయ్," అన్నాడు. "నాకేం తెలీదు."

తెలీదు అన్న మాట చివర అతనికి వినబడలేదు. మీట నొక్కినట్టు కుడి చెవి ఆగిపోయింది. కాకులు ఆగిపోయాయి. వీధి ఆగిపోయింది. ముత్తయ్య అతని చెయ్యి పట్టుకుని ఏదో అంటున్నాడు. చాలాసేపు అన్నాడు. కళ్ళు తుడుచుకుని నవ్వాడు కూడా. ఏమన్నాడో మల్లికార్జునరావుకి ఈ జన్మలో తెలీదు. తల ఊపి లేచి వచ్చేశాడు.

ఇప్పుడు అతను షెడ్డు తెరవడు. వరండాలో గోడ వైపు తిరిగి కూర్చుంటాడు. నాగరత్నం మాటలు తగ్గించింది. వినేవాళ్ళు లేకపోతే ఎంతసేపని మాట్లాడుతుంది? కుక్కరుతో కూడా మాట్లాడడం మానేసింది. బాపట్ల నుంచి భరద్వాజ ఫోను చేసి ఆవిడకి చెప్పాడు, స్పీకర్లు అద్భుతంగా పలుకుతున్నాయట, ఏ గోలా లేదట, వీధిలో పిల్లలు కూడా వచ్చి వింటున్నారట. ఆవిడ సంతోషించింది. బాపట్లలో ఏమీ లేదు మరి. అక్కడ ఉండాల్సింది అక్కడ లేదు.

పది రోజుల కిందట మధ్యాహ్నం భోజనాలయ్యాక అతను అలా కూర్చునే కునుకు తీశాడు. మందు వేళైంది, లేపుదామని నాగరత్నం వెనక నుంచి వచ్చి వీపు మీద చెయ్యి వేసింది.

వేసిన చెయ్యి అలాగే ఉంచేసింది.

అతని నోరు మూసే ఉంది. ఊపిరి నెమ్మదిగా ఉంది. కానీ చేతి కింద వీపు అదురుతోంది. పక్కటెముకల వెనక నుంచి దబ్... దబ్... మధ్యలో సన్నగా, తీగలా, ఒక వణుకు. అటూ ఇటూ మారుతోంది. ఒకరు మాట్లాడుతున్నట్టు, ఇంకొకరు బదులిస్తున్నట్టు. ఆవిడ రెండో చెయ్యి కూడా ఆన్చింది. కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఆవిడ నవ్వింది. ఇంకాసేపటికి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఎందుకు నవ్విందో, ఎందుకు ఏడ్చిందో ఆవిడకే తెలీదు.

పక్కింటివాళ్ళు చెప్పేది ఒక్కటే. ఆ రోజు నుంచీ రెండున్నరకల్లా నాగరత్నం ఎంగిలి గిన్నెలు కూడా వదిలేసి వరండాలోకి వచ్చేస్తుంది. గోనెపట్టా పరుచుకుని మొగుడి వెనక కూర్చుంటుంది. రెండు అరచేతులూ వీపు మీద ఆన్చి, మూడు గంటలు కదలదు. పిలిస్తే పలకదు. గట్టిగా అరిచి పిలిచినా తిరిగి చూడదట. నిన్న పక్కింటావిడ చూడలేక దగ్గరికి వెళ్ళి, ఆవిడ కుడి చెయ్యి వీపు మీంచి లాగబోయింది. చెయ్యి చల్లగా, బరువుగా ఉందట. భయపడి వదిలేసి వచ్చేసింది, నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మీరైతే ఏం చేసేవారు?